అవ్వకు రాని జ్వరం

2009 వానాకాలంలో నేను మొయినాబాద్ మండలంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆరోగ్య పర్యవేక్షకుడిగా ఉన్నాను. అంతకు మూడేళ్ల కిందట చేవెళ్ల వైపు నుంచి బదిలీ మీద అక్కడికి వచ్చాను. ఈ హోదా గురించి బయటివాళ్లకు పెద్దగా తెలియదు. ఊళ్లలో కొందరు నన్ను డాక్టరు సారు అనేవాళ్లు, కొందరు మలేరియా సారు అనేవాళ్లు. నేను రెండూ కాను. పైన వైద్యాధికారి, కింద ఊరూరా తిరిగే ఆరోగ్య కార్యకర్తలు, మధ్యలో నేను.

మా పనిలో ఒక విభజన ఉండేది. జ్వరాలు, దోమలు, మంచినీళ్లలో క్లోరిన్, ఇవన్నీ మగ కార్యకర్తలవి. గర్భిణులు, కాన్పులు, పిల్లల టీకాలు అందరూ ఏఎన్ఎమ్మలు అని పిలిచే ఆడ కార్యకర్తలవి. జ్వరాల రిజిస్టరు మా దగ్గర, గర్భిణుల రిజిస్టరు వాళ్ల దగ్గర. రెండు పుస్తకాలూ ఒకే బీరువాలో ఒకే అరలో పక్కపక్కన ఉండేవి. పాతికేళ్ల సర్వీసులో నేను ఆ రెండో పుస్తకం తెరిచిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మగవాడికి అందులో ఏం పని అనుకునేవాడిని. నా పై అధికారులూ అదే అనుకునేవాళ్లు.

ఆ ఏడాది కొత్త ఫ్లూ వచ్చింది. పేపర్లు దాన్ని స్వైన్ ఫ్లూ అన్నాయి, మా ప్రాంతంలో పందిజ్వరం అన్నారు. అప్పటికి చేవెళ్ల రోడ్డు రూపు మారిపోయింది. పొద్దున్నే గచ్చిబౌలి వైపు సాఫ్ట్‌వేర్ కంపెనీల క్యాబులు, సాయంత్రం ఫామ్‌హౌసు ప్లాట్లు చూడటానికి వచ్చే కార్లు. చిన్న మంగళారంలో నిన్నటిదాకా జొన్న వేసిన చేలల్లో హద్దురాళ్లు లేచాయి. విదేశం నుంచి వచ్చిన ఉద్యోగి ఒకడు దగ్గితే ఆ దగ్గు వారం తిరక్కుండా మా ఊళ్లకు చేరే రోజులవి. క్యాబులో ఏడుగురు కూర్చుంటారు, అద్దాలు మూసి ఏసీ వేస్తారు. జ్వరానికి అంతకంటే మంచి బండి దొరకదు.

మొదట్లో అనుమానం వచ్చిన ప్రతి మనిషినీ పట్నం దవాఖానకు పంపేవాళ్లం. పడకలు చాలక కొన్నాళ్లకు పద్ధతి మార్చారు. జబ్బు తీవ్రతను బట్టి రోగులను మూడు తరగతులు చేశారు. మామూలు జ్వరం, దగ్గు ఉన్నవాళ్లను ఇంట్లోనే విడిగా ఉంచాలి. జ్వరం బాగా ఎక్కువున్నవాళ్లకు, ప్రమాదం ఎక్కువని జాబితాలో ఉన్నవాళ్లకు మందు బిళ్లలు వెంటనే మొదలుపెట్టాలి. ఆయాసం వస్తే పట్నానికి పంపాలి. ఇంట్లో ఉంచేటప్పుడు మేము ఒక ఫారం నింపేవాళ్లం. అందులో ఒక వరుస రోగికి సేవ చేసే మనిషిది: పేరు, వరస, వయసు, ఇతర ఆరోగ్య ప్రమాదాలు ఉన్నాయా లేవా. సేవ చేసేది ఒక్కరే ఉండాలన్నది గట్టి నియమం. ఆ ఒక్కరు తప్ప ఇంకెవరూ గదిలోకి పోకూడదు.

మా మండలంలోనే ఉన్న హిమాయత్‌నగర్ అనే ఊళ్లో కిరాణా దుకాణం నడిపే విశ్వనాథం సేటు ఒక బుధవారం పొద్దున ఫోన్ చేశాడు. ఆయన కొడుకు శ్రీధర్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రెండు రోజులుగా జ్వరం, గొంతు నొప్పి. వాళ్ల ఆఫీసులో ఇద్దరికి అప్పటికే ఈ ఫ్లూ అని తేలిందట.

ఇలాంటి ఇంటికి పోయేటప్పుడు ఏఎన్ఎంను వెంట తీసుకుపోవాలని సర్క్యులర్‌లో ఉంది. కానీ బుధవారం టీకాల రోజు. ఆ ఊరి ఏఎన్ఎం సుగుణ టీకాల డబ్బా పట్టుకుని అంగన్‌వాడీలో కూర్చుని ఉంది. ఒక్క జ్వరం కేసుకు ఆమెను లేపడం ఎందుకని నేనొక్కడినే పోయాను.

ఇల్లు దుకాణం వెనకే. గల్లా పెట్టె పక్కన ఎత్తు పీట మీద సేటు తల్లి అనసూయమ్మ కూర్చుని ఉంది. డెబ్బై ఎనిమిదేళ్లు. నన్ను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. కళ్లద్దాలు పైకి తోసి ఒక్క నిమిషం నా మొహంలోకి చూసింది.

"నీది ప్రొద్దుటూరు గాదు బిడ్డా? బెల్లం కొననీకి ఎడ్లబండి మీద ఒకాయన వస్తుండె. గదే నొసలు, గదే నడక. ఆయన కొడుకువా?"

మాది ఆ దగ్గర్లోని ప్రొద్దుటూరే, నేను ఆయన కొడుకునే. మా బాపు పోయి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. ఆ దుకాణానికి వచ్చేవాడని నాకే తెలియదు. సేటు నవ్వి, తమ దుకాణంలో ఖాతా పుస్తకం అవసరం లేదని, ఎవరి మనవడు వచ్చినా అమ్మ మొహం చూసి తాత పేరు చెబుతుందని అన్నాడు. నాకూ సంతోషం వేసింది. అక్కడి నుంచి లోపలికి పోయి ఉద్యోగం మొదలుపెట్టాను.

శ్రీధర్‌కు నూట రెండు జ్వరం ఉంది, ఆయాసం లేదు. గొంతులోంచి దూదిపుల్లతో నమూనా తీసి, గులాబీ రంగు ద్రవం ఉన్న గొట్టంలో ముంచి, ఐసు పెట్టెలో పెట్టాను. ఫోన్లో వైద్యాధికారికి వివరాలు చెప్పాను. బిళ్లలు మొదలుపెట్టి ఇంట్లోనే విడిగా ఉంచమన్నారు. కిటికీ ఉన్న వెనక గది ఎంచి, మాస్కు ఎట్లా కట్టుకోవాలో, గిన్నెలు ఎట్లా కడగాలో, బ్లీచింగ్ నీళ్లు ఎట్లా కలపాలో చూపించాను. ఇక మిగిలింది సేవ చేసే మనిషి గడి.

ఆ ఇంట్లో ఆడవాళ్లు ఇద్దరే. సేటు భార్య రెండేళ్ల కిందటే కాలం చేసింది. ఒకరు అనసూయమ్మ, ఇంకొకరు శ్రీధర్ భార్య లావణ్య. లావణ్యకు ఇరవై ఆరేళ్లు. తల్లిదండ్రులు గుంటూరు వైపు నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడ్డవాళ్లు. ఆ అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది.

అవ్వ అడగకుండానే చెప్పింది. "నేను కూసుంట. గా పిల్లను వద్దు."

వయసు ఎక్కువ, నీకు ప్రమాదం అన్నాను.

"నాకేం గాదు బిడ్డా. రజాకార్ల గడబిడ కంటె ముంగట, నేను ఇంత పోరిని, గిసొంటి జరమే వచ్చింది. ఇంటికి ఇద్దరు ముగ్గురు మంచం పట్టిండ్రు. నాకూ వచ్చింది. లేసిన. ఒకపారి వచ్చి లేసినోల్లే ఆ రోగం కాడ కూసోవాలె. అమ్మ పోసినప్పుడు గట్లనే కూసుంటరు గద."

అమ్మవారు పోసిన ఇళ్లలో ఈ ఆచారం నేను చిన్నప్పటి నుంచి చూసినదే. ఒకసారి పోసి బతికినవాళ్లే రోగి మంచం దగ్గరికి పోతారు, మిగతావాళ్లు గడప దాటరు. ఆ ఆచారం వెనక శాస్త్రం ఉందని మాకు శిక్షణలో కూడా చెప్పారు. కానీ ఫ్లూ వేరు అని నాకు నేర్పారు. ఫ్లూ క్రిమి ఏటేటా వేషం మారుస్తుంది, పోయినేటి జ్వరం ఈ ఏటికి పనికిరాదు. ఇక డెబ్బై ఏళ్ల కిందటి జ్వరం ఏం పనికొస్తుంది? నేను చిన్నగా నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. సర్క్యులర్ తీసి ప్రమాదం ఎక్కువున్నవాళ్ల జాబితాలో మొదటి మాట చదివి వినిపించాను: వృద్ధులు. అక్కడితో ఆపేశాను. అవ్వను ఒప్పించడానికి ఆ ఒక్క మాట చాలనుకున్నాను. రెండో మాట గర్భిణులు.

అవ్వ వినలేదు. "గా పిల్ల వద్దని చెప్తున్న" అని మళ్లీ అన్నది. లావణ్య ఏదో అనబోయి అవ్వ వైపు చూసింది. అవ్వ తల అడ్డంగా ఊపింది, చాలా కొంచెం. నేనది చూశాను. మొగుడికి సేవ ఎవరు చేయాలన్న పంతం కాబోలు, ఇంటి పెత్తనం కాబోలు అనుకున్నాను. మాట వినకపోతే అందరినీ పట్నం దవాఖానకు పంపాల్సి వస్తుందని గట్టిగా చెప్పాను. నిజానికి నాకు అంత అధికారం లేదు. దుకాణం మూతపడుతుందన్న భయంతో సేటు తల్లి మీద కోప్పడ్డాడు. "సారు చెప్పింది ఇనరాదే అమ్మా, జర సప్పుడు చేయకుండ కూసో." అవ్వ పీట మీద కూర్చుంది.

ఫారంలో రాశాను. లావణ్య, భార్య, ఇరవై ఆరు. ఇతర ఆరోగ్య ప్రమాదాలు అన్న గడిలో 'లేవు' అని రాశాను. వయసులో ఉన్న ఆరోగ్యమైన అమ్మాయి, చూస్తేనే తెలుస్తోంది కదా అనుకున్నాను. ఆ ప్రశ్న నేను ఆమెను అడగలేదు.

శుక్రవారం నమూనా ఫలితం వచ్చింది, కొత్త ఫ్లూయే. అప్పటికి శ్రీధర్ జ్వరం దిగుతోంది. శనివారం ఫోన్ చేస్తే గంజి తాగాడని చెప్పారు. ఒక కేసు సక్రమంగా నడిపానన్న తృప్తితో ఆదివారం గడిపాను.

మంగళవారం పొద్దున కేంద్రం తలుపు తీసేసరికి సుగుణ ఆయాసపడుతూ వచ్చింది. నేరుగా బీరువా దగ్గరికి పోయి గర్భిణుల రిజిస్టరు తీసి, కొత్త పేజీలో పేరు రాస్తూ నాతో అన్నది. "సార్, సేటు కోడలుకు నాలుగో నెల. ఆదివారం సంది జరం. అవ్వ నాకు మనిషిని తోలింది. నిన్నటి సంది దమ్ము వస్తున్నదంట."

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. సుగుణ మిగతాది చెప్పాక అర్థమైంది. లావణ్యకు అంతకు ముందు ఏడాది ఒక గర్భం పోయింది. ఈసారి ఐదో నెల నిండేదాకా బయటికి చెప్పకూడదని ఆ ఇంటి ఆడవాళ్లు అనుకున్నారు. శ్రీధర్‌కు తెలుసు, అవ్వకు తెలుసు. మామగారికి కూడా చెప్పలేదు. పరీక్షలు కూకట్‌పల్లిలో ప్రైవేటు డాక్టరు దగ్గర జరుగుతున్నాయి కాబట్టి సుగుణ పుస్తకంలో పేరు లేదు. బుధవారం నాడు శ్రీధర్ జ్వరంతో వెనక గదిలో పడుకుని ఉన్నాడు, బయట నేనూ సేటూ, ఇద్దరు మగవాళ్లం ఉన్నాం. అవ్వ ఆ మాట అక్కడ ఎట్లా చెబుతుంది? అందుకే తన చిన్ననాటి జ్వరం సంగతి చెప్పింది. 'గా పిల్ల వద్దు' అని రెండుసార్లు చెప్పింది. అంతకంటే ఆమె చెప్పగలిగింది లేదు. సుగుణ నా పక్కన ఉండి ఉంటే అర నిమిషంలో సంగతి బయటపడేది.

మేము పోయేసరికి లావణ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, పడుకుంటే ఊపిరాడటం లేదు. పెదవులు నల్లబడ్డాయి. మందులు కడుపులో బిడ్డకు మంచివి కావన్న భయంతో ఒక రోజంతా జ్వరం దాచిపెట్టిందట. మొదటి బిళ్ల అక్కడే వేయించి, అంబులెన్స్ పిలిపించాం. అవ్వ ఆమె వీపు నిమురుతూ పక్కనే ఉంది. సోమవారం నుంచి ఇద్దరి సేవా ఆమెదే. మాస్కు లేదు. ముక్కుకు గుడ్డ కడితే ఊపిరాడదని తీసేసిందట. ఈసారి ఆమెను బయటికి పొమ్మనే నోరు నాకు లేదు.

లావణ్య పట్నం దవాఖానలో మూడు వారాలు ఉంది. అందులో ఎనిమిది రోజులు ఊపిరి యంత్రం మీద ఉంది. మూడో రోజు గర్భం పోయింది. ఆ వార్త సుగుణే నాకు చెప్పింది. రిజిస్టరులో తాను రాసిన ఒక్క వరుసను తానే ఎర్ర సిరాతో ముగించింది. నేను పక్కన నిలబడి చూశాను. నాకు సిగ్గు, భయం రెండూ కలిగాయి. ఆ అమ్మాయి కూడా పోతుందేమోనని రోజూ దవాఖానకు ఫోన్ చేసేవాడిని.

నియమం ప్రకారం రోగిని తాకినవాళ్లకు పది రోజులు జ్వరం చూడాలి. అవ్వకు రోజూ పొద్దునా సాయంత్రం నేనే పోయి చూసేవాడిని. ఈ రోజు జ్వరం వస్తుంది, రేపు వస్తుంది అనుకునేవాడిని. తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు దాటలేదు. ఒక రోజు థర్మామీటరు చెడిపోయిందేమోనని కడిగి నా నోట్లో పెట్టుకుని చూసుకున్నాను. థర్మామీటరు బాగానే ఉంది. ఇద్దరు రోగుల దగ్గు మీద పడ్డ మనిషి ఒక్క తుమ్ము తుమ్మలేదు. పదో రోజు అవ్వ అన్నది, "ఇగ సాలు బిడ్డా. వచ్చేది ఉంటె ఎప్పుడో వస్తుండె."

ఆ తర్వాత జ్వరాల రిజిస్టరు ముందేసుకుని కూర్చుని వయసు గడి ఒక్కటే పైనుంచి కిందికి చదివాను. ఇరవైలు, ముప్పైలు, పిల్లలు. అరవై దాటినవాళ్లు ఎక్కడో ఒకరు. మామూలు ఫ్లూ సీజన్‌లో ఇది తలకిందులుగా ఉంటుంది. నేనే రాసిన గడి, నేనే ఎప్పుడూ చదవలేదు.

ఆ చలికాలంలో జిల్లా కేంద్రంలో మాకు ఒక రోజు శిక్షణ పెట్టారు. వైద్య కళాశాలలో సూక్ష్మజీవుల శాస్త్రం చెప్పే డాక్టరమ్మ వచ్చారు. నేను చివర లేచి, పేర్లు చెప్పకుండా అవ్వ సంగతి అడిగాను. ఆమె ఆసక్తిగా విని వివరించారు. ఇక్కడ నా మాటల్లో రాస్తున్నాను.

ఒక వైరస్ మొదటిసారి వచ్చినప్పుడు శరీరం దానికి సరిపోయే ఆయుధాలు తయారుచేసుకోవడానికి పది రోజులో రెండు వారాలో పడుతుంది. జబ్బు తగ్గాక ఆ ఆయుధాలు, అంటే రక్తంలోని యాంటీబాడీలు, మెల్లగా తగ్గిపోతాయి. కానీ వాటిని చేయడం నేర్చుకున్న కణాల్లో కొన్ని చావవు. ఎముకల మూలుగలో, ప్లీహంలో, మెడా చంకల గ్రంథుల్లో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. వీటిని జ్ఞాపక కణాలు అంటారు. అదే వైరస్ మళ్లీ వస్తే అవి రెండు మూడు రోజుల్లోనే పని అందుకుంటాయి. మరి కొత్త వైరస్ వస్తే? అది పూర్తిగా కొత్తదైతే ఇవి గుర్తుపట్టలేవు. కానీ చాలా కొత్త వైరస్‌లకు ఎక్కడో పాత చుట్టరికం ఉంటుంది. పైవేషం మారినా ఒక ముక్క పాతదే మిగిలి ఉంటే ఆ ముక్కను పట్టుకుని ఈ కణాలు లేస్తాయి. ఇంకొక రకం జ్ఞాపక కణాలు వైరస్ లోపలి భాగాలను గుర్తుపెట్టుకుంటాయి. లోపలి భాగాలు అంత తొందరగా మారవు. ఆ కణాలు వైరస్‌ను గడప దగ్గర ఆపలేవు గాని, అది సోకిన కణాలను తొందరగా చంపి జబ్బును తేలిక చేస్తాయి. 2009లో వచ్చిన వైరస్‌కు, అవ్వ చిన్నతనంలో తిరిగిన ఫ్లూ వంశానికి అలాంటి చుట్టరికం ఉంది. నడుమ వచ్చిన ఫ్లూలు వేరే పోలికలవి. ముసలివాళ్లలో చాలామందికి ఈ కొత్తది పూర్తిగా కొత్తది కాదు, శ్రీధర్, లావణ్యల వయసువాళ్లకు చాలావరకు కొత్తదే.

వింటున్నంతసేపూ నాకు ఎత్తు పీట, పైకి తోసిన కళ్లద్దాలు గుర్తొచ్చాయి. నన్ను ఎన్నడూ చూడని మనిషి, నా నొసలు చూసి మా బాపును గుర్తుపట్టింది. ఆమె రక్తంలోని కణాలు చేసిన పనీ ఇంచుమించు అదే.

డాక్టరమ్మ ఒక హెచ్చరిక కూడా చేశారు. ఇది సగటు మాట, ముసలివాళ్లందరికీ రక్ష కాదు. ఈ జ్వరం పట్టిన వృద్ధుల్లో కొందరి పరిస్థితి విషమించింది కూడా. పరీక్ష చేయకుండా ఆ అవ్వను ఇదే కాపాడిందని చెప్పలేమన్నారు. కాబట్టి నేనూ చెప్పను. అవ్వను గదిలో కూర్చోబెట్టడమే సరైన పని అనీ అనను. ఆ రోజుకున్న జ్ఞానం ప్రకారం ఇద్దరు ఆడవాళ్లనూ బయట ఉంచి, సేటుకు మాస్కు కట్టి లోపలికి పంపి ఉండాల్సింది. సేవ అనగానే ఆడవాళ్ల వైపు చూడటం నాకు అలవాటు. ఆయన పేరు నాకు తట్టనే లేదు.

శిక్షణ నుంచి తిరిగి వచ్చిన వారంలో ఆ ఇంటికి పోయాను. లావణ్య ఇంటికి వచ్చి అప్పటికి చాలా రోజులైంది, చిక్కిపోయి ఉంది. మంచినీళ్లు ఇచ్చింది. ఫారంలో నేను రాసిన మాట ఆమెకు చెప్పాను. అడగకుండా రాశానని కూడా చెప్పాను.

"మీరు ఒక్కసారి అడిగుంటే చెప్పేదాన్నండి. అమ్మమ్మగారు వద్దన్నా చెప్పేదాన్ని" అని లోపలికి పోయింది.

అవ్వకు డాక్టరమ్మ చెప్పినదంతా నాకు చేతనైనంతలో చెప్పాను. నువ్వన్నది నిజమే కావచ్చు అవ్వా, అన్నాను. ఆమె ముఖంలో గెలిచిన జాడ ఏమీ లేదు. గల్లా పెట్టె మీద చెయ్యి ఆనించి అన్నది.

"నువ్వు అడగకపోతివి, నేను చెప్పకపోతిని. సగం నీది, సగం నాది."

ఆమె నాకు సగం బరువు తగ్గించాలని చూసింది. ఆ పెద్ద మనసుకు దండం పెట్టాను గాని, ఆ లెక్క నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను. అడగడం నా ఉద్యోగం. చెప్పడం ఆమె ఉద్యోగం కాదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఇంకా ఆరేళ్లు పనిచేశాను. జ్వరం ఇంటికి ఏఎన్ఎం లేకుండా పోలేదు. ఆమె ఆడవాళ్లతో మాట్లాడేటప్పుడు మగవాళ్లను తీసుకుని నేను బయట నిలబడేవాడిని. ముసలివాళ్లు పాత జ్వరాల గురించి చెబితే నవ్వకుండా, ఏ ఏడు, ఏ ఊరు, ఎన్నాళ్లు అని రాసుకునేవాడిని. ఫారంలో ఆ గడి దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం కలం ఆపి, ఎదుటి మనిషి తన నోటితో చెప్పేదాకా ఆగేవాడిని. కింద పనిచేసేవాళ్లు ఇంత ఆలస్యం ఎందుకు సార్ అని విసుక్కునేవాళ్లు. ఆ ప్రశ్నకు సగటున అర నిమిషం పడుతుంది.